సర్దుబాటు కుట్టు

"కాలర్ దగ్గర మురికి అలాగే ఉంది, చూసుకోవా?" అంటూ ఉతికిన కవరాల్‌ను ఆమె ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు భర్త. మణికట్టుకు కట్టు ఉన్న చెయ్యి పైకెత్తుకుని, రెండో చేత్తో దాన్ని మళ్ళీ నానబెట్టింది. మెడ నుంచి మడమల దాకా ఒంటిని కప్పే నిప్పంటని బట్ట అది, తడిస్తే ఇంత బరువు. ఆయన ఉద్యోగం ఫ్యాక్టరీ ఆఫీసులో, చల్లటి గదిలో. ఎప్పుడో ఓసారి ప్లాంటులోకి అలా వెళ్ళి ఇలా వస్తాడు. అయినా ఆ కవరాల్ ఆయనకు కొలిచి కుట్టినట్టుంటుంది. ఉండదూ మరి, కొలతలన్నీ మగవాళ్ళవేనాయె.

ఆమెదీ ఆ ఫ్యాక్టరీయే. వెల్డింగ్ జరిగేచోట నీళ్ళ గొట్టం పట్టుకుని నిప్పుకు కాపలా కాస్తుంది. ఆమె అలా గొట్టం పట్టుకుని నిలబడందే వెల్డర్ మంట వెలిగించకూడదు. అలాంటి మనిషికిచ్చిన కవరాల్‌లో ఇద్దరు పడతారు. దాని చేతులు ఆమె వేళ్ళు దాటి జానెడు వేలాడేవి. "ఆడవాళ్ళ సైజు రాదమ్మా, కాస్త సర్దుకో" అన్నాడు స్టోర్ కీపర్. "అందరూ సర్దుకోవడం లేదూ, నీకే వచ్చిందా?" అన్నాడు భర్త. కాపురానికొచ్చిన మొదటి రోజు అత్తగారు చెప్పిందీ ఆ ఒక్క ముక్కే. సర్దుకోవడంలో ఆమెకు డిగ్రీ ఇవ్వొచ్చు. ఇంట్లో మిషను మీద ఆ చేతులు లోపలికి మడిచి, ఉన్న మామూలు దారంతోనే కుట్టేసుకుంది. బట్టకు అంటని నిప్పు దారానికి అంటుతుందని ఆమెకెవరూ చెప్పలేదు.

మొన్న రవ్వలు ఎగిరి మణికట్టు మీద పడ్డాయి. బట్ట చెక్కు చెదరలేదు. దారం కరిగి చర్మానికి అతుక్కుపోయింది.

ఫోర్‌మన్ ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు. "కంపెనీ బట్ట మీద నీ కుట్లేంటి? అసలు నిన్నెవరు సర్దుకోమన్నారు?"

ఊహ తెలిశాక ఆ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు. స్టోర్ కీపర్ నేల చూపులు చూశాడు. ఇంటికొచ్చాక భర్త, "నా పరువు తీశావు కదే" అన్నాడు. కాలిన చెయ్యి ఏదీ, చూపించమని మాత్రం అనలేదు.

ఇప్పుడు బకెట్ ముందు కూర్చుంటే అదంతా గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటను ఏ బట్టా ఆపలేదు. ఆయన కవరాల్‌ను అలాగే వదిలేసి లేచింది. తనది తెచ్చుకుని, బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపింది.

పొద్దున, "నాదేదీ?" అన్నాడు భర్త.

"నానుతోంది. కాస్త సర్దుకోండి."

ప్లాంటులో ఆమె కవరాల్ పొడుగు చేతులు వేలాడేసుకుని తన చోట నిలబడింది. వెల్డర్ ఆమెను చూసి, ముసుగు తీసి పక్కన పెట్టాడు.

"గొట్టం పట్టుకోవేం? పని ఆగిపోతోంది" అన్నాడు ఫోర్‌మన్. "చేతులేవీ?"

"లోపలున్నాయి సార్. నా కొలత బట్ట వచ్చిన రోజు బయటికొస్తాయి."