డబ్బాలో వచ్చిన ఆకలి

మా మరిది దాలినాయుడి నిద్ర ఈ పొద్దున్న పోస్టులో వస్తుంది. స్టీలు డబ్బా మూత తీస్తే లోపల మడతపెట్టి ఉంటుంది. ఉతికిన దుప్పటిలా మెత్తగా ఉంది, ఇంకా కొంచెం గోరువెచ్చగా ఉంది. అంచు పట్టుకుని పైకి లేపితే మా వీధిలో కోళ్లన్నీ నడుస్తున్నవి నడుస్తున్నట్టే ఆగి కళ్లు మూస్తాయి. నేను మళ్లీ మడతపెట్టి మూత వేస్తాను. కోళ్లు లేచి గింజలు ఏరుకుంటాయి.

"మీ మరిదిదే అప్పా," అంటుంది దమయంతి. "కుడిపక్కే నలిగింది సూడు."

దమయంతి నా తోడికోడలు, దాలినాయుడి పెళ్లాం. మా వైపు అక్కని అప్ప అంటారు. అతను సైన్యంలో ఉన్నాడు. ఈ ఏడు నీలం టోపీ పెట్టి సముద్రం అవతలికి పంపారు. అక్కడ ఎవరో ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడటం అతని పని. ఎందుకు కొట్టుకుంటున్నారో అతనికి చెప్పలేదు. వాళ్లకైనా చెప్పారో లేదో నాకు అనుమానమే.

మా ఉద్దానంలో ఇంటికొకడు సైన్యంలో ఉంటాడు. తుఫాను జీడితోటల్ని పడుకోబెట్టాక కుర్రాళ్లు ఇంకెక్కడికి పోతారు? మీటింగుల్లో మైకు పట్టుకుని సైనికుడికి దండాలు పెట్టే పెద్దమనుషుల ఇంటి నుంచి ఇంతవరకూ ఒక్క జంతిక సముద్రం దాటలేదు. పంపేది మేమే, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లం. పిక్కనూనెకి కాలి నల్లబడిన వేళ్లతోనే జంతికలు పిండుతాం, కొబ్బరి ఉండలు చుడతాం, ఎండు నెత్తళ్ల చేపలు వేయించి పొడి చేస్తాం. డబ్బాల్లో పెట్టి తెల్లగుడ్డ చుట్టి దబ్బనంతో కుడతాం. ఇది జాలి కాదు. కన్నవాళ్లం, కట్టుకున్నవాళ్లం, పెట్టాలి కాబట్టి పెడుతున్నాం.

తప్పు కూడా మాదే. అట్టపెట్టెలో పంపితే ఏ గొడవా ఉండేది కాదు. మేం పేరు కొట్టించిన డబ్బాల్లో పంపాం. మూత మీద దమయంతి పేరు, పెళ్లి తారీఖు చుక్కలు చుక్కలుగా ఉంటాయి. పేరున్న గిన్నె ఎవరింటిదో వాళ్లింటికి చేరాలి. చేరేటప్పుడు ఖాళీగా ఉండకూడదు. పక్కింటి నుంచి పులుసు వస్తే గిన్నె కడిగి, ఇంట్లో ఏమీ లేకపోతే ఒక ఉప్పురాయైనా వేసి పంపుతాం. దాలినాయుడు ఈ పెంపకంలో పెరిగినవాడే. అక్కడ అతని ఒంటిమీద ఉన్న తుపాకీ, బూట్లు, టోపీ అన్నీ సర్కారువి. తనదంటూ ఉన్నదే కదా డబ్బాలో వేయాలి.

మొదటి డబ్బాలో అతని ఈల వచ్చింది. అది దూలమెక్కి కూర్చుని ఇప్పటికీ దిగదు. రెండోదాంట్లో అతని కుడిచేతి వాటం వచ్చింది. దాన్ని పిక్కల బల్ల మీద పెట్టాక ఎడమచేతి వాటం ఉన్న నారమ్మ పిన్ని కూడా కుడిచేత్తోనే కొడుతోంది. ఇప్పుడు నిద్ర.

"మంచి పెంపకం. ఖాళీగా పంపలేదు సూడు," అంటుంది నారమ్మ పిన్ని. మేం పిక్కలు కొట్టే బట్టీలో అందరికంటే పెద్దది. ప్రతి ధర్నాకీ ముందు నేనే నిలబడతానని నన్ను జెండా అని పిలుస్తుంది.

"నిద్ర పంపేసినోడు అక్కడెలగ పడుకుంటాడు పిన్నీ?" అని దమయంతి అడుగుతుంది.

పిన్ని సుత్తి కింద పెడుతుంది.

పంపడం ఆపేద్దామని నేను అంటాను. దమయంతి నా మీద కోప్పడదు. పిక్క చీల్చినట్టు మాటని రెండు ముక్కలు చేసి నా ముందు పెడుతుంది.

"పంపకపోతే తిండుండదు. పంపితే మనిషుండడు. ఏది మానీమంటావో నువ్వే సెప్పు."

ఎన్నో మీటింగుల్లో మాట్లాడిన నోరు నాది. అది తీర్మానమే వెతుక్కుంటుంది.

ఇకనుంచి అట్టపెట్టెలే అని తీర్మానం చేస్తాం. తీర్మానం బాగానే ఉంది, కానీ అంతకుముందు పంపిన డబ్బా ఒకటి దారిలో ఉంది. అది తిరిగొచ్చిన పూట మూత తీస్తే లోపల ఏమీ కనిపించదు. నారమ్మ పిన్ని ముఖం తిప్పుకుంటుంది. నాయుళ్ల ఇంటి పిల్లడు ఖాళీ డబ్బా పంపాడంటే ఊళ్లో తలెత్తుకోగలమా అని ఆమె బాధ.

అప్పుడు మా పిల్లి వచ్చి డబ్బా వాసన చూస్తుంది. చూసి, మూలనున్న చీపురు తినేస్తుంది. నిదానంగా, పుల్లా పుల్లా నమిలి తింటుంది. తర్వాత గుమ్మం దగ్గరున్న నా చెప్పు తింటుంది. రెండో చెప్పు కోసం వెతుకుతుంటే దమయంతి పరిగెత్తి మూత పెట్టేస్తుంది.

మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. లోపల నుంచి ఎవరో మెల్లగా తడుతున్నారు.

"ఆకలి పంపేసినాడప్పా," అంటుంది.

సాయంత్రం అతను ఫోన్ చేస్తాడు. గొంతులో ఏ తొందరా లేదు. ఇప్పుడు హాయిగా ఉంది వదినా అంటాడు. పళ్లెం ముందు పెడితే అది పళ్లెంలాగే కనపడుతోందట. బెల్టు నడుం చుట్టూ రెండుసార్లు తిరుగుతోందట. మూడోసారి కూడా తిరిగేలా ఉందని, దానికి ఇంకో బెజ్జం పెట్టమని పై అధికారిని అడిగాడని చెబుతాడు. దమయంతి ఫోన్ తీసుకోదు. మాట్లాడితే తన గొంతులో ఏడుపు అతనికి తెలిసిపోతుంది.

ఆకలి లేని మనిషి ఎన్నాళ్లుంటాడు? ఈ లెక్క బడికి వెళ్లని నాకు కూడా వస్తుంది. డబ్బా చంకన పెట్టుకుని దమయంతి, నేను, పిన్ని పోస్టాఫీసుకి వెళ్తాం. దారిలో డబ్బా పక్కగా వెళ్లిన మేకలు గోడమీది పోస్టర్లు తింటాయి. ఎవరి ముఖం, ఏ పార్టీ అని చూడవు. వాటిని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

కిటికీలో కూర్మారావు గారు కూర్చుని ఉన్నారు. మా పార్సిళ్లన్నీ తీసుకునేది ఆయనే. గుడ్డ కుట్టు సరిగ్గా లేకపోతే తనే సూది తీసి కుట్టే మనిషి. డబ్బా కాటా మీద పెడితే ముల్లు సున్నా కిందికి దిగుతుంది. ఆయన కాటా తట్టి మళ్లీ చూస్తారు. ముల్లు ఇంకా దిగుతుంది.

"లోపలేటుందమ్మా?" అని అడుగుతారు.

"ఆకలి," అంటుంది దమయంతి.

"తిండైతే పంపొచ్చు. ఆకలి సముద్రం దాటి పంపకూడదు."

"ఎందుకు బాబూ?"

"అక్కడ ఉన్నాది కదా."

"అక్కడున్నాది వేరేవోళ్లది. ఇది మా ఆయనది."

కూర్మారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. ఆమె మాట న్యాయమేనని ఆయనకి తెలుసు. ఆయన చేతిలో ఏమీ లేదని మాకూ తెలుసు. అయినా నేను బల్ల గుద్దుతాను. గుద్దటం అలవాటు. మనుషుల్ని పంపేటప్పుడు ఏం పంపుతున్నారని ఎవరూ అడగరు, కాటా వేయరు, ఒక ఆకలిని దాని సొంత కడుపుకి పంపాలంటే ఇన్ని ప్రశ్నలా అని అరుస్తాను. వెనక వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. కొట్టి, బంక సీసాలు నాకడం మొదలుపెడతారు. మూత కొంచెం జరిగింది.

డబ్బాలోంచి సన్నగా ఏడుపు వస్తోంది.

"ముందు దానికేదైనా పెట్టండమ్మా," అంటారు కూర్మారావు గారు. తన క్యారేజీ కిటికీలోంచి ఇవతలికి తోస్తారు.

దమయంతి మూత తీస్తుంది. రెండు చేతులూ లోపల పెట్టి, పురుడు పోసే మంత్రసాని బిడ్డనెత్తినట్టు ఎత్తుతుంది. చేతుల్లో ఏమీ కనిపించదు, కానీ చేతులు బరువుకి వంగుతాయి. దాన్ని తన పొట్టకి ఆనించి, చీర కుచ్చిళ్లు చుట్టి, గట్టిగా ముడి వేస్తుంది. ఏడుపు ఆగుతుంది. ఆమె అక్కడే గచ్చు మీద కూర్చుని ఆ క్యారేజీలో అన్నం, వంకాయ కూర మొత్తం తింటుంది.

చివరి ముద్ద దిగగానే నా ఫోన్ మోగుతుంది.

"వదినా," అంటాడు దాలినాయుడు. "ఎవులు వంకాయ తింటన్నారు? నాకు తేన్పొచ్చింది."

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. కూర్మారావు గారు ఖాళీ క్యారేజీని దగ్గరకు తీసుకుని, అందులోకి చాలాసేపు చూస్తారు.

ఇక డబ్బాల పని లేదు, గుడ్డ పని లేదు. దమయంతిని బట్టీ వాకిట్లో కూర్చోబెట్టి తిండి పెడతాం. ఎవరింట్లో ఏది ఉడికితే అది తెస్తారు. చోడి అంబలి, పనసపొట్టు కూర, చింతకాయ పచ్చడి. ఆమె ఇక్కడ తింటుంది, అతనికి అక్కడ నిండుతుంది. ఆమె మాత్రం లావెక్కదు, అది ఆమెది కాదు కదా. బెల్టు మళ్లీ ఒకటే చుట్టు తిరుగుతోందని అతను ఫోన్ చేస్తాడు. వెంటనే మా ఊరి ఆడవాళ్లందరూ తమ మగవాళ్ల ఆకళ్లు పంపించేయమని కబురు పెడతారు. నారమ్మ పిన్ని తన కొడుకుది ముడి వేసుకుని కూర్చుని, ఆ వెధవ చిన్నప్పుడు ఇంత తినలేదే అని తిడుతూ రెండు పూటలది ఒకేసారి తింటుంది.

నెత్తళ్లు పెట్టిన రోజున దమయంతికి దాహం వేస్తుంది. అది కూడా అతనిదే. అక్కడ ఎండ ఎక్కువ, నిలబడే పని. బిందె తాగుతుంది. చాలదు. బావి దగ్గరికి వెళ్లి, చేద వెయ్యకుండానే బావి తాగుతుంది. చాలదని లేచి, జీడితోటలు దాటి, ఇసుకలో నడిచి, సముద్రం ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుంటుంది. ఉప్పుగా ఉంటుందే అని పిన్ని అంటుంది. దాహానికి ఆ పట్టింపు లేదు.

దోసిలి పెట్టి తాగుతుంది. అలలు ఒక్కొక్కటే వంగి, ఆమె దోసిట్లోకి వచ్చి, చిన్నవై, లోపలికి వెళ్తాయి. పడవలు ఇసుకలో పక్కకి ఒరుగుతాయి. జాలర్లు కోప్పడరు. ఎవరి కోసమో చెబితే వాళ్లే కొంగు తడవకుండా పట్టుకుంటారు. ఆఖరి దోసిలి ఆమె మింగలేదు. లోపల చోటు లేదు. బుగ్గల్లో పట్టుకుని, పెదాలు బిగించి, అలాగే కూర్చుంటుంది.

అవతలి ఒడ్డు కనిపిస్తుంది. పెద్ద దూరమేమీ లేదు. మధ్యలో నీళ్లుండబట్టి విదేశం అన్నారు. నీళ్లు తీసేస్తే అదీ పొరుగూరే. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎందుకు దాచారని నాకు ఒళ్లు మండుతుంది.

అక్కడ కొట్టుకుంటున్న ఇద్దరూ సముద్రం ఏమైందో చూడటానికి ఒకే గట్టెక్కి పక్కపక్కన నిలబడ్డారు. వాళ్ల మధ్య నిలబడటానికి ఇప్పుడు చోటు లేదు. దాలినాయుడు టోపీ తీసి, వాళ్లలో ఒకడి చేతికిచ్చి, బూట్లు విప్పి, సముద్రం అడుగుకి దిగుతాడు. మా వైపు నడుస్తాడు. అతని వెనక ఇంకా కొందరు దిగుతున్నారు. పిన్ని చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కొక్క నడకనీ గుర్తుపడుతోంది.

దమయంతి నోరు తెరిస్తే అంతా మునుగుతారు. ఎవరమూ ఆమెని పలకరించం. నేను ఆమె ఎదురుగా కూర్చుని గడ్డం కింద చెయ్యి ఆనిస్తాను. ఆమె బుగ్గ లోపల తుఫాను తిరుగుతున్నది నా అరచేతికి తెలుస్తుంది.

సగం దారిలో దాలినాయుడు ఆగుతాడు. ఆమెని చూశాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంటాడు. పిలవొద్దని చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

"దమయంతీ."

పిలుపు సముద్రం అడుగున నడిచి, కాళ్లకి బురదతో మా దగ్గరికి వస్తుంది. దమయంతి గొంతు కదులుతుంది. అప్పుడు నేను నోరు తెరుస్తాను. పిన్ని తెరుస్తుంది. జాలర్లు తెరుస్తారు. కిటికీ మూసి పరిగెత్తుకొచ్చిన కూర్మారావు గారు తెరుస్తారు. మా అందరి నోళ్లలోంచీ వచ్చేది దమయంతి గొంతే.

"ఆఁ, ఇక్కడే ఉన్నాను. నడు."

అతను నడుస్తాడు. దమయంతి పెదాలు బిగించే ఉన్నాయి. కంటి చివర ఒక నీటిబొట్టు పెద్దదవుతుంది. అందులో బియ్యపుగింజంత వెండిచేప ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. బొట్టు జారకుండా నేను వేలు అడ్డం పెడతాను. చేప నా గోటి మీదికెక్కి ఒక్క క్షణం ఆగి, అతను వస్తున్న వైపు చూసి, మళ్లీ ఆమె కంట్లోకి ఈదుకుంటూ వెళ్లిపోతుంది.