ఇరవై ఒక్క రోజుల పెట్టె

పెట్టె వచ్చి పన్నెండు రోజులైంది. విమానాశ్రయం చల్లగదిలో మూడో అరలో కూర్చుని ఉంది. అందులో ఉన్నది మూడు వందల పశువులకు సరిపడా టీకా మందు. అలాంటి సరుకు ఏదైనా ఆ గదిలో ఇరవై ఒక్క రోజులే ఉంచుతారు. ఈలోగా దిగుమతి అనుమతి రాకపోతే, ఇరవై రెండో రోజు పొద్దున కాల్చేస్తారు. నది అవతలి కొట్టాల్లో ఇప్పటికే జబ్బు పాకింది. ఇవతలి డెయిరీలో మూడు వందల గేదెలు ఏమీ ఎరగనట్టు నెమరేస్తున్నాయి. వాటిని చూసుకునే పశువుల డాక్టరమ్మకి మాత్రం కంటి మీద కునుకు లేదు.

అనుమతులిచ్చే సెక్షన్‌కి పెద్ద ఎవరో కాదు, డాక్టరమ్మ అక్క మొగుడే. ఇంకేం, పని అయినట్టే అనుకున్నవాళ్ళకి ఆయన సంగతి తెలియదు. ఆయన లంచం ముట్టడు, సిఫార్సు వినడు. ఆ ముట్టకపోవడం నలుగురికీ కనబడాలని కూడా చూస్తాడు. అందుకే మరదలి ఫైలు తీసి కట్ట అడుగున పెట్టాడు.

ఆయనకో పద్ధతి ఉంది. ఒక ఉత్తరానికి ఒకే ప్రశ్న. జవాబు వచ్చాక ఫైలు మళ్ళీ అడుగుకి పోతుంది. మొదటి ప్రశ్న, కంపెనీ కాగితం మీద ముద్ర సగమే పడిందేం? రెండోది, సీసా మూతల రబ్బరు ఎక్కడిది? పద్నాలుగో రోజు ఆవిడ ఆఫీసుకే వెళ్ళింది.

"బావగారూ, మిగతా ప్రశ్నలన్నీ ఒక్కసారే అడిగెయ్యండి. ఇక్కడే కూర్చుని రాసిస్తాను."

"ఆఫీసులో బావ ఏమిటి మేడమ్?" అన్నాడు తలెత్తకుండా. "మీ ఫైలు కంటే ముందు పద్దెనిమిది ఉన్నాయి."

"వాటిలో ప్రాణం మీదికొచ్చినవి ఎన్ని?"

"అది నేను చూడకూడదు. మీది వరసలో ఉంది."

ఇంట్లో కుళాయి కారుతోందన్నా ఆయన జవాబు ఇదేనని అక్క నవ్వుతూ చెప్పేది. డాక్టరమ్మకి ఆ రోజు నవ్వు రాలేదు. ఆ బల్ల మీది కట్టంతా ఎత్తి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది.

పదిహేడో రోజు మూడో ప్రశ్న వచ్చింది. దరఖాస్తుదారుకి ఈ కార్యాలయంలో బంధువులు ఉన్నారా? "ఉన్నారు, మీరే" అని పళ్ళు కొరుక్కుంటూ రాసింది. బంధువు ఫైలు తను చూడకూడదంటూ ఆయన దాన్ని పక్క సెక్షన్‌కి పంపేశాడు. అక్కడి అధికారి ఐదు రోజుల సెలవులో ఉన్నాడు.

ఇరవై రెండో రోజు పొద్దున పెట్టె కాల్చేశారు. నియమం కాబట్టి ఆవిడ దగ్గరుండి చూసింది. సీసాలు పటపటా పగిలాయి. అక్కణ్ణించి తిన్నగా డెయిరీకి వెళ్తే, చివర కట్టిన గేదె మేత ముట్టకుండా చొంగ కారుస్తోంది.

"తెల్లారినప్పటి నుంచీ ఇంతే డాక్టరమ్మా," అన్నాడు పాలు పితికేవాడు.

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళేసరికి ఆయన భోజనానికి కూర్చున్నాడు. మరదల్ని చూడగానే జేబులోంచి కాగితం తీశాడు.

"ఇదిగో నీ అనుమతి. ఈ పూటే సంతకమైంది. నన్నిక ఒక్కడూ వేలెత్తి చూపలేడు."

ఆవిడ దాన్ని అందుకోలేదు. తను తెచ్చిన కాగితం ఆయన కంచం పక్కన పెట్టింది.

"పెట్టె కాల్చేశారు బావగారూ. జబ్బు డెయిరీలోకి వచ్చేసింది. కాల్చినట్టు ఈ రసీదు మీద మీ సంతకం కావాలట."

ఆయన ముఖం పాలిపోయింది. పెన్ను తీశాడు. రసీదు ఒకసారి చదివాడు, ఇంకోసారి చదివాడు. చెయ్యి ఆగింది.

"ముద్ర సగమే పడిందే," అన్నాడు.

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదిహేనేళ్ళుగా మొగుడి నిజాయితీని ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకున్న మనిషి. మెల్లగా వంగి, ఆయన ముందున్న కంచం తీసి చెల్లెలి ముందు పెట్టింది.

"నువ్వు తినేసి డెయిరీకి పోవే," అంది. "ఆయనది వరసలో ఉంది."