వినయ పీట

నేను ఒక పీటని. మూడు కాళ్ళతో మూరెడు ఎత్తున పుట్టి, మూడు నెలల్లో మనిషిని మించి ఎదిగి, ఒక్క ప్రార్థనకి మళ్ళీ మూరెడుకి దిగొచ్చాను. పీటల్లో ఇలాంటి బతుకు బతికింది ఇంకోటి ఉంటే తీసుకురండి, దాని మూడు కాళ్ళకీ మొక్కుతాను.

మాది నత్తలంక. గోదారి పాయల మధ్య ఊరు. రేవులో ఒక నిద్రగన్నేరు చెట్టుండేది, అదే నా పుట్టిల్లు. ఎంత చెట్టంటే, తూర్పు కొమ్మ మీద వాన కురుస్తుంటే పడమటి కొమ్మ మీద ఆడవాళ్ళు బట్టలారేసుకునేవారు. దాన్ని కొట్టేసిన రోజు నీడంతా ఒక్కసారి పోయేసరికి, అవతలి ఒడ్డు కోళ్ళు అప్పుడే తెల్లారిందనుకుని మిట్టమధ్యాహ్నం కూశాయి.

కొట్టించింది మా గుడి పెద్దలు, అయ్యగారికి కుర్చీ చేయించడానికి. పాస్టరుగారిని మా వాళ్ళు అయ్యగారంటారు. ఆ కుర్చీకి ఆరడుగుల వీపు, ఎర్ర మఖమలు, చేతులు ఆనించే చోట రెండు సింహాలు. వడ్రంగి ఆశీర్వాదం పుట్టి బుద్ధెరిగాక సింహాన్ని చూడలేదు. తను రోజూ చూసే జంతువునే చెక్కాడు. కుర్చీని గుడిలోకి మోసుకొస్తుంటే ఊరి కుక్కలన్నీ తోకలాడించుకుంటూ వెనకాలే నడిచాయి.

మిగిలిన కలప మంచాలుగా మారి పెద్దల ఇళ్ళకి చేరింది. దేవుడి పని మీద కొట్టిన చెట్టు కదా, దేవుడి మనుషులు పడుకోవద్దూ? ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిన మొద్దుని నేను. ఆశీర్వాదం నాకు మూడు కాళ్ళు తగిలించి సువార్తమ్మకిచ్చాడు.

"పిన్నీ, ఇది నీది. ఇక చాప మీంచి నిన్ను లేపడానికి ఇద్దరు మనుషులక్కర్లేదు," అన్నాడు.

సువార్తమ్మ ముప్పయ్యేళ్ళుగా గుడి ఊడుస్తోంది. వంగి వంగి మోకాళ్ళు అరిగిపోయాయి. చాప మీద కూర్చోలేదు. కుర్చీలున్నాయి గాని, ప్రతి కుర్చీ వెనకా దాని దాత పేరు రాసుంటుంది. దాత రాకపోయినా ఆయన పేరు కూర్చునుంటుంది. అందుకని ఆవిడ నన్ను గుమ్మం పక్కన, చెప్పులు విడిచేచోట వేసుకుని, కొంగు తలమీద కప్పుకుని కూర్చునేది. పాట ఒక రాగంలో సాగితే ఆవిడ ఇంకో రాగంలో సాగేది. ప్రార్థన మాత్రం నేను విన్న వాటిలోకెల్లా పొట్టిది.

"పెబువా, నేను సువార్తమ్మని. మిల్లు కాడ సువార్తమ్మని కాదు, చెప్పులకాడ కూకుంటానే, ఆ సువార్తమ్మని. మోకాళ్ళు నొప్పెడతన్నాయి. కాత్త చూడు. ఆమేన్."

ఊళ్ళో ఇద్దరు సువార్తమ్మలున్నారు. దేవుడు పొరపాటున ఆవిడ మోకాళ్ళు బాగుచేస్తాడేమోనని ఈవిడ జాగ్రత్త.

ఇక బెంజిమన్ మాస్టారి ప్రార్థన. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్దల్లో పెద్ద. ఆయన ప్రార్థనకి లేస్తే తల్లులు పిల్లలకి అన్నం తినిపించుకుని రావచ్చు. సృష్టిలో ఏ రోజు ఏం చేశాడో దేవుడికే వరసగా గుర్తుచేసి, చివర "నేను ధూళిని, పురుగును, ఎందుకూ పనికిరానివాడను" అని గద్గదంగా ముగించేవారు. ఒక ఆదివారం సరిగ్గా ఆ మాట దగ్గర రెండో పెద్ద జీవరత్నం గారు గుడి అదిరేలా "ఆమేన్" అన్నారు. అంతే, నెలరోజులు ఇద్దరికీ మాటల్లేవు. పురుగునని చెప్పుకోవడం వేరు, పక్కవాడు ఔననడం వేరు.

ఇలా ఉండగా పొరుగూరి నుంచి ఒక ముసలి బోధకుడు వచ్చారు. గుమ్మం దగ్గర ఒక చంటిపిల్ల చెప్పులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది. దాన్ని చూపించి ఆయన, ఇలాంటి పిల్లలా తగ్గించుకున్నవాడే పరలోకంలో అందరికంటే గొప్పవాడని చెప్పి, పడవెక్కి వెళ్ళిపోయారు. పాపం ఆయన చెప్పింది పిల్ల గురించి. మా పెద్దలకి వినిపించింది "అందరికంటే గొప్పవాడు" అన్నంత వరకే.

తరువాతి ఆదివారం మాస్టారు తిన్నగా నా దగ్గరికొచ్చారు.

"లేమ్మా సువార్తమ్మా. ఇవాళ్టి నుంచి నాకు కుర్చీ వద్దు. నేను చిన్నపిల్లవాణ్ణి."

"అయితే చాప మీద కూకోండి మాస్టారూ. పిల్లలందరూ ఆడే ఉన్నారు."

"చాప మీద అందరూ కూర్చుంటారు. అందులో ఏముంది?"

ఆవిడ లేచింది. మాస్టారు నన్ను చంకన పెట్టుకుని గుడి మధ్యలోంచి నడిచి, అందరికీ ముందు, సంఘానికి ఎదురుగా వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఎవరెవరు చూస్తున్నారో చూడ్డానికి మధ్యమధ్య ఒక కన్ను తెరిచేవారు. పెద్దాయన ఎంత తగ్గించుకున్నాడోనని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. సువార్తమ్మ ఖాళీగా ఉన్న ఆయన కుర్చీ వైపు రెండడుగులు వేసింది.

"అది దాతల కుర్చీ," అన్నారు ఎవరో.

ఆవిడ వెనక్కెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

మాస్టారికి వచ్చిన పేరు చూసి జీవరత్నం గారికి వారమంతా నిద్రలేదు. పై ఆదివారం కోడి కూయకముందే వచ్చి నామీద కూర్చున్నారు. తన పాలేరు చిరుగు పంచె అడిగి తెచ్చుకుని, తెల్లగా ఉతికించి, ఇస్త్రీ చేయించి మరీ కట్టుకున్నారు. మాస్టారొచ్చి చూశారు.

"లేవండి. ముందు తగ్గించుకున్నది నేను."

"మీరు ఒక్క వారమే తగ్గారు మాస్టారూ. నేను జీవితాంతం తగ్గుదామని వచ్చాను."

ఒకరు నా ఎడంకాలు పట్టుకుంటే ఇంకొకరు కుడికాలు పట్టుకున్నారు. మూడో కాలు ఖాళీగా ఉంది గనక అయ్యగారు దాన్ని పట్టుకుని మధ్యవర్తిత్వం చేశారు. అయ్యగారు మంచివారే. కాని ఆయన బదిలీ ఆ ఇద్దరి నోటిమాట మీద ఉంది. అందుకని మంచితనాన్ని కడుపులోనే దాచుకునేవారు.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుని తీర్మానం రాసింది. ఒక వారం మాస్టారు, ఒక వారం జీవరత్నం గారు వంతులవారీగా తగ్గించుకోవాలి. నా పేరు వినయ పీట. నా స్థానం వేదిక మీద, అయ్యగారి కుర్చీ పక్కన. వినయంలో నత్తలంక సంఘం చుట్టుపక్కల సంఘాలన్నిటి కంటే ఒక మెట్టు పైనుండాలి. ఈ చివరి మాట మాస్టారే పట్టుబట్టి రాయించారు. పచ్చ రంగు పెయింటుతో నా మీద అక్షరాలు కూడా రాశారు. నాకు చదువు రాదు గనక సిగ్గుపడే పని తప్పింది.

రెండో వారానికే ఒక చిక్కొచ్చింది. మూరెడు పీట మీద కూర్చుంటే వెనక వరసలకి ఎవరూ కనబడరు. కనబడని వినయం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. జీవరత్నం గారు ఆశీర్వాదాన్ని పిలిచి నా కాళ్ళకి జానెడు చొప్పున అతికించారు. మాస్టారు తన వంతు రాగానే ఇంకో జానెడు. ఆయన జానెడుకి ఈయన బెత్తెడు, ఈయన బెత్తెడుకి ఆయన మూరెడు. మూడో నెలకి నేను అయ్యగారి కుర్చీ వీపుని దాటేశాను. చిన్నపిల్లలుగా మారడానికి పెద్దలు నిచ్చెనెక్కాల్సి వచ్చేది. పైన తిరిగే ఫ్యానుకి కండువా చుట్టుకుంటుందని ఫ్యాను ఆపించారు. కింద సంఘమంతా ఒకరి వినయం కోసం చెమటలు కక్కింది. ఒక పిచ్చుక మాస్టారి తలని దూలమనుకుని రెండు గడ్డిపరకలు కూడా పెట్టి చూసింది.

పైనుంచి నాకు గుమ్మం బాగా కనబడేది. సువార్తమ్మ అక్కడ ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద బరువు మార్చుకుంటూ నిలబడేది. మా ఆరాధన మూడు గంటలు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, ద్రాక్షరసం చివర్లో ఇస్తారు. అప్పటిదాకా నిలబడలేక మొదటి నెల ఆవిడ ఇంటికెళ్ళిపోయింది. రెండో నెల గోడ పట్టుకుని రెండున్నర గంటలు ఆగింది, తరువాత మోకాలు మడత పడిపోతే వెళ్ళిపోయింది. ముప్పయ్యేళ్ళలో ఆ ముక్క తినని నెలలు అవి రెండే. మూడో నెల కూడా అందకపోతే, ఆ ముక్క లేని గుడికి రావడం ఇక తన వల్ల కాదని ఆవిడకి తెలుసు.

రెండోసారి అలా వెళ్ళిపోయిన మర్నాడు గుడి ఊడ్చడానికి వచ్చినప్పుడు మాస్టారి దగ్గర ఆగింది.

"మాస్టారూ, మీ వినయం అయిపోయాక నా పీట ఇప్పిత్తారా?"

"అది ఇప్పుడు సంఘానిది సువార్తమ్మా. నీకు కావాల్సింది దేవుణ్ణి అడుగు."

"ఆయన్ని అడిగానండి. రోజూ అడుగుతున్నాను."

మాస్టారు నవ్వారు. "దేవుణ్ణి పీట అడుగుతావా? లోకానికి రక్షణ అడగాలి, శాంతి సమాధానాలు అడగాలి."

"అయ్యి మీరడుగుతున్నారు గదండీ. మరి పీట ఎవరడుగుతారు?"

మాస్టారు ఆవిడకి విశ్వాసంలో ఎదుగుదల లేదని చెప్పి వెళ్ళిపోయారు.

మూడో నెల మొదటి ఆదివారం వచ్చింది. వంతు మాస్టారిది. ముందురోజే నాకు ఇంకో జానెడు అతికించారు. ఆశీర్వాదం మేకు కొడుతూ, "ఇంక ఆగదు మాస్టారూ," అన్నాడు. "విశ్వాసం ఉంటే ఆగుతుంది," అన్నారు మాస్టారు. నా కీళ్ళ సంగతి నాకు తెలుసు. వాటికి విశ్వాసం లేదు.

ఆయన నిచ్చెనెక్కి కూర్చుని చేతులు చాచి ప్రార్థన మొదలెట్టారు. అరగంటకి ధూళి దాకా వచ్చారు, పురుగు కూడా అయింది. గుమ్మం దగ్గర సువార్తమ్మ రెండు చేతులతో తలుపు రెక్క పట్టుకుంది. ఆవిడ పెదవులు కదిలాయి. ఏమందో ఇంత పైనుంచి నాకు వినబడలేదు గాని, చాలా పొట్టిగా అంది. మాస్టారు గొంతు పెంచారు.

"ప్రభువా, నన్ను తగ్గించు. ఇంకా తగ్గించు. ఇంకా..."

నా మూడో కాలి అతుకు విడిచేసింది. ఆ సంఘ చరిత్రలో ఇంత త్వరగా జవాబొచ్చిన ప్రార్థన ఇంకోటి లేదు. మాస్టారు సింహాల మీదుగా దిగారు. ఒక సింహం చెవి ఆయనతో పాటే వచ్చింది. అతికిన జానెళ్ళు, బెత్తెళ్ళు, మూరెళ్ళు తలో దిక్కుకీ ఎగిరిపోయాయి. నా సొంత మూడు కాళ్ళతో నేను వేదిక మెట్లు దిగి, చాపల మధ్య దారిలో దొర్లుకుంటూ వెళ్ళి, గుమ్మం పక్కన, చెప్పులకాడ, సరిగ్గా సువార్తమ్మ ముందు నిలబడ్డాను. ఎవరైనా తోశారా అని అడక్కండి. నేల వాలు వేదిక వైపు ఉంటుంది, గుమ్మం వైపు కాదు.

సంఘమంతా మాస్టారి దగ్గరికి పరిగెత్తింది. సువార్తమ్మ కూర్చుంది.

"వందనాలు నాయనా," అంది. మాస్టారి వైపు చూసి మళ్ళీ అంది. "కాపోతే మాస్టార్ని అంత గట్టిగా ఎయ్యక్కర్లేదు."

ఆ రోజు రొట్టె పళ్ళెం గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ ముక్క నోట్లో పెట్టుకుని చంటిపిల్లలా చాలాసేపు చప్పరించింది.

వినయ పీట తీర్మానాన్ని కమిటీ చప్పుడు లేకుండా కొట్టేసింది. జీవరత్నం గారికి ఉన్నట్టుండి చిరుగు పంచె మీద ఇష్టం పోయింది. మాస్టారి తుంటి ఎముక కట్టులో రెండు నెలలుంది. కట్టు విప్పాక ఒక ఆదివారం కర్ర పట్టుకుని వచ్చారు, ఆలస్యంగా. పాటలు మొదలైపోయాయి. తన పేరున్న కుర్చీ చేరాలంటే అందరి కళ్ళ ముందూ కుంటుకుంటూ నలభై అడుగులు నడవాలి. చూస్తారని ఎక్కిన మనిషి, చూస్తారనే గుమ్మం దగ్గర ఆగిపోయారు. సువార్తమ్మ నామీద కూర్చుని తన రాగంలో తను పాడుకుంటోంది. మాస్టారు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకున్నారు. కొంతసేపటికి వంగి, మెల్లగా అన్నారు.

"సువార్తమ్మా, కాసేపు కూర్చుంటానే. నొప్పిగా ఉంది."

ఆయన నోటి నుంచి అంత పొట్టి మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ వెంటనే లేచిపోయిందనుకుంటున్నారేమో. లేవలేదు.

"పాటలయ్యేదాకా ఆగండి. ప్రసంగానికి మీరు, పార్దనకి మళ్ళీ నేను."

మాస్టారు ఆగారు. మూడు పాటలూ నిలబడ్డారు. ప్రసంగం మొదలవగానే ఆవిడ లేచింది, ఆయన కూర్చున్నారు. కూర్చుని, అలవాటు కొద్దీ ఒక కన్ను తెరిచి అటూ ఇటూ చూశారు.

"ఇక్కడ ఎవరూ చూడరు మాస్టారూ. చెప్పులే," అంది సువార్తమ్మ.

ఆ ప్రసంగం ఏమిటో నాకు గుర్తులేదు. నా ధ్యాసంతా ఆ ఇద్దరి మీదే. "చివరిగా ఒక్క మాట," అన్నారు అయ్యగారు. సువార్తమ్మ మాస్టారి భుజం తట్టింది.

"లెగండి. అయిపోయింది."

"చివరిగా అన్నారు గాని ఇంకా ముగించలేదు. నా వంతే."

"పీట నాది."

"నీదే. కాదన్నానా? ఆమేన్ అననీ."

అయ్యగారు ఆమేన్ అన్నారు. మాస్టారు కర్ర ఊతంతో లేచారు. లేచి, భుజం మీది కండువా తీసి, తను కూర్చున్న చోటు తుడిచి, నన్ను సువార్తమ్మ వైపు జరిపారు.

నా కాళ్ళకి మేకుల గాట్లు ఇంకా ఉన్నాయి. పచ్చ రంగు అక్షరాలు ఆవిడ చీర ఒరిపిడికి చెరిగిపోయాయి. వేదిక మీద మా అన్న, ఆ సింహాల కుర్చీ, లోపల చెదలు తింటున్నా వీపు వంచడం లేదు. రేవులో నిద్రగన్నేరు సంగతి సగానికి సగం తగ్గించుకోండి, ఫరవాలేదు. కోళ్ళ సంగతి అసలు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. మాస్టారు నన్ను కండువాతో తుడిచారన్నది మాత్రం తగ్గించకండి. అందులో నేను జానెడు కాదు కదా, బెత్తెడు కూడా అతకలేదు.