కొక్కెం ఎటు తిరిగింది

పోలీసు జవాను ఆ కాగితం విప్పి అరుగు మీద పరిచేదాకా కూర్మమ్మకు మొగుడి మీద అనుమానమన్నదే లేదు.

అది గోడపత్రిక. ఏ గోడ మీంచి ఊడబెరికారో, వెనక మైదా ఇంకా అంటుకునే ఉంది. కొడవలి పట్టుకుని నిలబడ్డ కూలి ఆడమనిషి బొమ్మ, కింద రెండు వరుసల అక్షరాలు. కూర్మమ్మకు చదువు రాదు. బొమ్మలోని గీతను చదవడం మాత్రం వచ్చు.

"సెక్క మీద సెక్కి అచ్చేసినారు. నరసన్నపేటలో సెక్క సెక్కీవోలు మీరేగదా. ఎవుల పనో సెప్పు," అన్నాడు జవాను.

"మావి బట్టలకేసే అద్దకం అచ్చులు బాబూ. పువ్వులు, మావిడిపిందెలు. మనుసుల బొమ్మలు మాకెందుకు?"

నోరు అలా అంది గానీ, కళ్లు ఆ కూలిమనిషి చీర కుచ్చిళ్ల దగ్గరే ఆగిపోయాయి. ప్రతి గీత చివరా సన్నటి కొక్కెం. ఆమె మొగుడు జోగయ్య బొటనవేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. గీత ముగిసే చోట ఉలి దానంతటదే తిరిగిపోతుంది. మేనల్లుడైన జోగయ్యకి పని నేర్పే రోజుల్లో ఆ కొక్కెం కోసం ఆమె తండ్రి ఎన్ని తిట్లు తిట్టాడో!

"ఆదివారం మళ్లీ వస్తాను. మీ ఆయన్ని ఇంటికాడ ఉండమను," అని జవాను వెళ్లిపోయాడు.

అరవై తొమ్మిదో సంవత్సరం. అడవుల్లో చేరిన తిరుగుబాటుదారుల కోసం, వాళ్లకు సాయపడేవాళ్ల కోసం పోలీసులు ఊళ్లు గాలిస్తున్న రోజులు. ఆ ఏడు పోలీసు గడప తొక్కిన ఇంటివైపు ఇరుగుపొరుగు వారం రోజులు చూసేవారు కాదు. కూర్మమ్మ తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. ప్రతి గురువారం జోగయ్య కోటబొమ్మాళి వెళతాడు, అద్దకంవాళ్ల అరిగిన అచ్చులు బాగుచేయాలని. తిరిగొచ్చేసరికి గోళ్లలో నలుపు. చెట్ల రంగులకు ఆ జిడ్డు నలుపెక్కడిది? ఇన్నాళ్లూ తను అడగనే లేదు.

మర్నాడు చెల్లెలింటికని చెప్పి కోటబొమ్మాళి బస్సెక్కింది. అద్దకం వేసే తాతమ్మ ఆమెను చూసి ఆశ్చర్యపోయింది. "జోగయ్యా? సూసి మూడు నెల్లయినాది. ఒంట్లో బాగునేదేటే?"

బాగానే ఉన్నాడని చెప్పి కూర్మమ్మ వెనుదిరిగింది. తిరిగి వస్తుంటే రైలుస్టేషను గోడ మీద అదే బొమ్మ. అటూ ఇటూ చూసి, కుచ్చిళ్లున్న ముక్క చింపి నడుముకి దోపుకుంది.

సాయంత్రం జోగయ్య ఉలి నూరుకుంటుంటే ఆ ముక్క అతని ముందు పడేసింది.

"ఇదేటి బావా?"

"నాకేటి తెలుస్తాది?"

"తాతమ్మని అడిగినాను. మూడు నెల్లుగా ఎవులింటికి ఎల్తన్నావు? ఆడమనిసా, అడివిలో ఉన్నోలా?"

జోగయ్య ఉలి కింద పెట్టాడు. "నువ్వు నా ఎనకాల ఊరూరా ఎంక్వైరీ సేసొచ్చినావా?"

"సెప్పు ముందు."

"కోటబొమ్మాళి బళ్లో డ్రాయింగు మేష్టారు నరసింగరావుగారింటికి. పని నేర్పమని కాళ్లా ఏళ్లా పడ్డాడు. ఆయన అచ్చులేసి సూసుకునే సిరాయే ఈ గోళ్ల నలుపు. ఇంటోలకి తప్ప పైవోలకి నేర్పనని మీ అయ్య నాసేత ఒట్టేయించుకున్నాడు గదా. నీకెలా సెప్పను?"

"అబద్ధం! నీ కొక్కెం నాను గుర్తుపట్టనా?"

నిరూపించి తీరాలన్న పట్టుతో, జోగయ్య చెక్కిన నెమలి అచ్చు తెచ్చి, రంగులో ముంచి కాగితం మీద అదిమింది. ఎత్తి, చింపి తెచ్చిన ముక్క పక్కన పెట్టి చూసింది. నెమలి ఈకల కొక్కేలన్నీ ఎడమకి తిరిగి ఉన్నాయి. ముక్కలో అన్నీ కుడికి.

రోజూ కడిగే చెక్కల మీద కుడికే చూసిన కళ్లు, కాగితం మీదా కుడికే ఉండడంతో మోసపోయాయి. అచ్చులో కుడి ఎడమవుతుందన్న సంగతే ఆ గాభరాలో తోచలేదు. పత్రిక బొమ్మ చెక్కినవాడి ఉలి చెక్క మీద ఎడమకి తిరిగి ఉండాలి.

జోగయ్య మొహం పాలిపోయింది. "మేష్టారిది ఎడంసెయ్యి," అన్నాడు మెల్లగా. "నా వంకర కూడా పనిలో బాగమనుకుని నేర్సేసుకున్నాడు. ఎందుకు నేర్సుకుంటన్నాడో నాకు తెలీదే, నీ మీదొట్టు."

ఆదివారం జవాను వచ్చాడు. కూర్మమ్మ అతని ఎదుటే నెమలిని అచ్చు వేసి పత్రిక పక్కన పెట్టి, రెండింట్లో కొక్కేలు ఎటు తిరిగాయో చూపించింది. జవాను ఒకటికి రెండుసార్లు చూశాడు.

"అయితే ఎవుల్ది?"

కూర్మమ్మ మొగుడి వైపు చూడలేదు. "మాకేటి తెలుస్తాది బాబూ."

అతను జోగయ్య మొహంలోకి చాలాసేపు చూసి, పత్రిక మడిచి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే మేష్టారింటికి తాళం పడిందనీ, ఎటు పోయాడో ఎవరికీ తెలియదనీ తాతమ్మ కబురు పంపింది.

తర్వాతి గురువారం జోగయ్య కోటబొమ్మాళికి సంచి సర్దుకుని, "నువ్వూ రా," అన్నాడు. కూర్మమ్మ వెళ్లింది. బస్సులో దారి పొడుగునా అతను అడగకుండానే చెబుతూనే ఉన్నాడు: ఎక్కడ టీ తాగేవాడో, ఎవరితో మాట్లాడేవాడో, ఏ బస్సుకి తిరిగొచ్చేవాడో. ఇన్నేళ్ల కాపురంలో అతను ఒక్కపూట అన్ని మాటలు మాట్లాడి ఎరగడు. ప్రేమకొద్దీ చెబుతున్నాడో, భయంకొద్దీ చెబుతున్నాడో కూర్మమ్మకు అంతుపట్టలేదు. అన్నిటికీ ఊ కొట్టింది.