నలభై అయిదు డిగ్రీల గీత

ఇటుకబట్టీ పొగగొట్టం పైనుంచి రాలిన ఇటుక చెల్లెలి మోకాలి మీద పడినప్పుడు, అక్క పదడుగుల దూరంలో అచ్చులో మట్టి నింపుతోంది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది.

కాంట్రాక్టరు వచ్చాడు. చెల్లెల్ని చూడలేదు, తలెత్తి పొగగొట్టాన్ని చూశాడు. మధ్యాహ్నానికల్లా నేలమీద సున్నంతో గీత గీయించాడు. గొట్టం కూలినా ఇక్కడిదాకానే వస్తుంది, గీత అవతలున్న మీ గదులకేం భయంలేదు, బట్టీ ఆర్పేది లేదు అన్నాడు.

ఆ గదుల్లో నలభై కుటుంబాలు. చుట్టూ రెండు నిలువుల గోడ. ఒకటే గేటు, ఒప్పుకున్న పని పూర్తయ్యేదాకా దాని తాళం తీయరు. చివరి గదిలో చెల్లెలు మంచానికి అతుక్కుపోయింది. తలుపులోంచి ఆమెకు కనిపించేది బీటలువారిన గొట్టమొక్కటే.

గొట్టం ఎత్తెంతని ముసలి తాపీమేస్త్రీని అడిగింది అక్క. అరవై అడుగులు కట్టి, ఆనక రెండుసార్లు పెంచామన్నాడు. ఎంత పెంచారో ఆయనకే గుర్తులేదు. టేపు ఆఫీసులో ఉంది. గొట్టం మొదట్లో కాపలావాడున్నాడు.

అక్క పదో తరగతి చదివింది. సిమెంటు సంచి కాగితాన్ని మూల చెడకుండా చించి, రెండంచులూ కలిసేలా మడిచింది.

"ఇది నలభై అయిదు డిగ్రీలు తాతా. ఈ వాలులో గొట్టం కొన ఎక్కణ్ణుంచి కనిపిస్తే, అక్కణ్ణుంచి గొట్టం ఎంత దూరమో దాని ఎత్తూ అంతే. టాన్ నలభై అయిదంటే ఒకటి."

"అయితే?"

"కూలితే కొన వచ్చి పడేది అక్కడే."

కాగితం కంటికానించి వెనక్కి నడిచింది. సున్నం గీత దాటింది. ఒక్కో గదీ దాటింది. చివరి గది గుమ్మానికి రెండడుగుల ఇవతల ఆగింది. చెల్లెలు బతికిపోయిందని ఊపిరి పీల్చుకుంది. అంతలోనే బట్టీ పని ఆపేద్దామని ముందు గదులవాళ్లు గొడవ మొదలుపెట్టారు. చివరి గదులవాళ్లు తమకేం కాదు కదా అని సణిగారు. ఉన్న పని పోగొట్టుకుంటామా అన్నారు.

మేస్త్రీ నవ్వాడు. "అమ్మాయ్, కొన నీ కంటి మీద పడుతుందా, నేల మీద పడుతుందా? వరస సరిచూడాలంటే మేం చెంప నేలకానిస్తాం."

అక్క బోర్లా పడుకుంది. చెంప నేలకానించి, అంగుళం అంగుళం వెనక్కి పాకింది. కొన వాలులోకి వచ్చేసరికి ఆమె తల గుమ్మం లోపలుంది, కాలు చెల్లెలి మంచంకోడుకు తగిలింది.

చివరి గదులవాళ్లే ముందుగా సిమెంటు సంచి చించారు. అందరూ కాగితాలు మడిచారు. గొట్టం చుట్టూ బోర్లా పాకుతూ గీత గీశారు. గీత వంపు తిరిగి ఆఫీసు అరుగుకు సరిగ్గా రెండడుగుల ఇవతలనుంచి పోయింది. రెండోసారి గొట్టం పెంచాక కాంట్రాక్టరు కట్టించుకున్న ఆఫీసు అది.

"వాడికి ఎత్తు తెలుసు," అన్నాడు మేస్త్రీ.

పొద్దున ఎవరూ బట్టీలో బొగ్గు వేయలేదు. నలభై కుటుంబాల మంచాలూ ఆఫీసు అరుగెక్కాయి. గేటు తాళం తీసి అందర్నీ బయటికి పంపితే తప్ప దిగేది లేదన్నారు. కాంట్రాక్టరు అక్కను పక్కకి పిలిచాడు. అక్కాచెల్లెళ్లిద్దరికీ బయట గది, డాక్టరు. సున్నం గీతే సరైనదని నలుగురిలో చెబితే చాలు.

అక్క చెల్లెలి కాలు వంక చూసింది. పుండు మీద ఈగలు ముసురుతున్నాయి.

"నన్నేం అడుగుతావే," అంది చెల్లెలు. "నేనెలాగూ కదల్లేను."

అక్క కాంట్రాక్టరు వైపు తిరిగింది. "మీరే వెళ్లి ఆ సున్నం గీత పక్కన పడుకోండి. అప్పుడు చెబుతాను."

పోలీసు వ్యాను కోసం గేటు తెరిచారు. అలజడి రేపిందని అక్కను ఎక్కించారు. ఆమె చేతిలో కాగితాన్ని ఇన్‌స్పెక్టరు లాక్కుని, విప్పి చూశాడు. అందులో ఒక్క అక్షరం లేదు. ఒక మడత ఉంది.

వ్యాను గేటు దాటింది. తాళం వెయ్యడానికి కాపలావాడు రెక్కలు లాగాడు. అవి కలవలేదు. నడుమ చెల్లెలి మంచం అడ్డంగా ఉంది. దాని నాలుగు కోళ్లనూ ఎనిమిదిమంది పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల వెనక మిగతా మంచాలు కదలడం వ్యాను కటకటాల్లోంచి అక్క చూసింది.