అత్తగారికి పెట్టిన వంక

గడ్డ తీసేటప్పుడు రొమ్ములోంచి వచ్చే కండలో కొంత పరిశోధనకు ఇవ్వడానికి అత్తగారు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఓ షరతు పెట్టింది.

"చూస్తే మా కోడలే చూడాలి. నన్ను పరాయివాళ్ల ముందు పరిచిపెట్టకండి."

కోడలు పనిచేసేది ఆ ఆసుపత్రి ల్యాబులోనే. ఆమె మైక్రోస్కోపు మామూలుది కాదు. రంగులు అద్దకుండానే, లేజర్ కాంతితో కండలోని సన్నని పీచుల్ని వెలిగించి చూపిస్తుంది. క్యాన్సర్ గడ్డ చుట్టూ ఆ పీచులు ఎలా అల్లుకున్నాయో చూడడమే ఆమె పని.

"నావల్ల కాదత్తయ్యా. చెయ్యి వణుకుతుంది."

"వణికితే వణకనీ. నాకు జ్వరమొస్తే చూసేది నువ్వేగా? దీన్ని మాత్రం ఎవరికో అప్పజెప్తావా?"

ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం వచ్చేసిందని, అంచుల్లో క్యాన్సర్ కణాలేవీ లేకుండా శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాతే పరిశోధన ముక్క ల్యాబుకు చేరింది.

తెర మీద పీచులు వెన్నెల్లో ఆరేసిన నూలులా మెరిశాయి. చాలా చోట్ల గడ్డను చుట్టుకుని బుద్ధిగా ఒదిగి ఉన్నాయి. 'లోపల కూడా అత్తయ్య క్రమశిక్షణే' అనుకుని కోడలు నవ్వుకుంది. అంతలో ఒక మూల కనబడింది. అక్కడ పీచులు దువ్వినట్టు తిన్నగా అంచువైపు సాగిపోయాయి. క్యాన్సర్ కణాలు బయటికి పాకేది ఒక్కోసారి అలాంటి దారుల వెంటే. పక్క ముక్క పెట్టి చూసింది. అందులోనూ అంతే.

తిన్నగా రిపోర్టు ఇచ్చిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. "ఇది రుజువు కాదు మేడమ్, అనుమానమే. మీ దగ్గరున్న కండలో ఆ మూల ఇంకాస్త లోపలికి కోసి చూస్తారా?"

డాక్టరమ్మ కోయించి చూసింది. సరిగ్గా అంచున చిన్న కణాల గుంపు దొరికింది. మరో చిన్న ఆపరేషన్ తప్పదంది.

"అమ్మకి నేను చెప్తాలే," అన్నాడు భర్త. కోడలు ఒప్పుకోలేదు.

అత్తగారు మంచం మీద కూర్చుని ఒంటిచేత్తో దుప్పటి మడత పెడుతోంది. కోడలు చెప్పింది విన్నాక దుప్పటి ఆవిడ ఒళ్లోకి జారింది.

"ఇన్నేళ్లలో నా మాటకీ, నా వంటకీ ఒక్క వంక పెట్టలేదు. పెట్టక పెట్టక చివరికి నా కండకి పెట్టావా!"

ఏడుస్తూనే కోడలికి నవ్వొచ్చింది.

"భయమేస్తోందే," అంది అత్తగారు మెల్లిగా. ఆవిడ నోట ఆ మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ వినలేదు.

"నాకూ భయంగానే ఉందత్తయ్యా."

"అయితే ఆ కొస పట్టుకో. ఇద్దరం మడత పెడదాం."

రెండో ఆపరేషన్ తర్వాత ఎంత వెతికినా అంచుల్లో ఏమీ కనబడలేదు. రేడియేషన్ రోజుల్లో అత్తగారు నీరసంతో అందరినీ కసురుకుంది. మెల్లగా కోలుకుంది. ఓ మధ్యాహ్నం తనే ల్యాబుకు వచ్చి, తన కండ బొమ్మ చూపించమంది.

తెర నిండా పీచులు వెలిగాయి. అత్తగారు కళ్లజోడు సర్దుకుంది.

"ఇదంతా నేనేనా?"

"మీరే."

"ఇంత అందంగా ఉన్నానని మీ మామయ్య ఒక్కసారైనా అన్లేదు చూడు!"

కోడలు కుర్చీ దగ్గరికి జరిపింది. "ఇంకా చాలా ఉంది, కూర్చోండి."