భయం డ్యూటీ

జాతీయ జట్టు జెర్సీ అయినా సరే, చెమట వాసన ఒక్క ఉతుకుతో పోదు. బయట తుంపర పడుతోందని ఆర్మెల్ గరాజులోనే అడ్డంగా తాళ్లు కట్టి, నీలం జెర్సీలన్నీ తిరగేసి ఆరేస్తోంది. పేరుకి ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఊరి హాలు మీద అన్ని దేశాల జెండాలూ ఎగురుతున్నాయి. చెక్ వాళ్లూ, ఇటలీ వాళ్లూ, అమెరికా అమ్మాయిలూ వచ్చి హోటళ్లలో దిగారు. కానీ చక్రాల బూట్ల హాకీని పట్టించుకునేవాళ్లు ఎంతమంది? అందుకని మన జట్టు బట్టలుతికే పని కోచ్ గారింటికి వచ్చింది. కోచ్ గారిల్లు అంటే కోచ్ గారి భార్య. దీనికోసం ఆర్మెల్ ఆఫీసుకి జీతం లేని సెలవు పెట్టింది. "హాయిగా సెలవులో ఉన్నావు, నీదే రాజ్యం" అంటాడు ఆమె భర్త తియెరి. వేళాకోళానికి కాదు, నిజంగానే అలా అనుకుంటాడు.

కూతురు మయ్‌వెన్ జెర్సీ చేతికి రాగానే ఆమె ఆగిపోయింది. వీపు మీద నేల రంగు గీరుకుపోయి ఉంది. నిన్న సెమీఫైనల్లో చెక్ పిల్ల ఒకతి అదుపు తప్పి వచ్చి గుద్దుకుంటే మయ్‌వెన్ వెల్లకిలా పడింది. ఈ ఆటలో ఒంటితో ఢీకొట్టడం తప్పు కాబట్టి ఆ పిల్లని కాసేపు బయట కూర్చోబెట్టారు. అంతటితో జనం మరిచిపోయారు. హెల్మెట్ పలకల నేలకి తగిలిన చప్పుడు మాత్రం ఆర్మెల్ చెవుల్లోంచి పోలేదు. గుమ్మడికాయ చెయ్యిజారి గచ్చు మీద పడ్డట్టు, బరువుగా, ఒక్కటంటే ఒక్కటే చప్పుడు.

వంటింట్లోంచి మయ్‌వెన్ కేకేసింది. "అమ్మా, మార్గో అత్త మ్యాచ్‌కి వస్తుందా?"

"వస్తుందే. పిల్లల్ని కూడా తీసుకొస్తానంది" అంటూ ఆర్మెల్ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

మయ్‌వెన్ కిటికీ తెర సగం దించేసుకుని కూర్చుంది. రొట్టె మీద ఉప్పువెన్న రాసింది. రాసిన చోటే మళ్లీ రాసింది. గిన్నెలో కాఫీ చల్లారిపోయింది. ఇరవై ఏళ్ల పిల్ల, మామూలుగా అయితే ఈపాటికి సగం రొట్టె నోట్లో పెట్టుకుని మెట్ల మీద ఉండేది.

"ఆ లైటు తీసేయవా, కళ్లలో పొడుస్తోంది."

ఆర్మెల్ లైటు తీసేసింది. మయ్‌వెన్ చెంచాతో కాఫీ కలిపి, తలెత్తి, చక్కగా నవ్వుతూ అడిగింది. "అమ్మా, మార్గో అత్త వస్తుందా ఇవాళ?"

ఆర్మెల్ ఆమె మొహంలోకి చూసింది. "ఆటపట్టిస్తున్నావా?"

"అడిగితే ఆటపట్టించడమేంటి, పొద్దున్నే నీ గోలేంటి!" అని విసుక్కుంది మయ్‌వెన్. ఆ విసుగులో అబద్ధం లేదు. అదీ భయం. ఆ పిల్లకి తను అడిగానన్న సంగతే తెలియదు.

ఆర్మెల్ గట్టు పట్టుకుని నిలబడింది. ఇదే వంటిల్లు, ఇదే బల్ల, ఏప్రిల్ నెల. ఆ రోజు జట్టు డాక్టరమ్మ వచ్చి అమ్మాయిలందరికీ పరీక్షలు పెట్టింది. అయిదు మాటలు చెప్పి, కాసేపాగి, ఎన్ని గుర్తున్నాయని అడుగుతారు. ఒంటికాలి మీద నిలబడమంటారు. దెబ్బ తగలకముందు ఎలా ఉన్నారో తెలిస్తేనే కదా, తగిలాక తేడా తెలిసేది. "మొదటి దెబ్బ మానకుండా రెండో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు" అని డాక్టరమ్మ చెబుతున్నప్పుడు ఆర్మెల్ వాళ్లకి కాఫీలు అందిస్తోంది. సాయంత్రం అమ్మాయిలంతా ఇక్కడే చేరి మన అట్లలాంటి గాలెట్లు తిన్నారు. తియెరి సైడర్ అనే ఆపిల్ కల్లు పోస్తూ అడిగాడు. "నేను చెప్పినట్టే చేశారా? బుర్ర తక్కువవాళ్లమని ముందే రాయించేసుకున్నారు కదా? రేపు దెబ్బ తగిలినా తేడా కనబడదు, హాయిగా ఆడుకోవచ్చు. మా రోజుల్లో అందరం అంతే." అమ్మాయిలు పడీపడీ నవ్వారు. "నేనైతే అయిదింటికి రెండే చెప్పా! ఒంటికాలి మీద తాగుబోతులా ఊగా!" అంది మయ్‌వెన్. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి గాలెట్లు వేస్తున్న మనిషికి చెవులుంటాయని ఎవరికీ తోచలేదు. గుడ్డు ఎవరికి, పంది మాంసం ఎవరికి అన్నంతవరకే ఆమెని అడిగారు.

నిన్న బెంచీ పక్కన నీళ్ల సీసాలు నింపుతూ ఆర్మెల్ డాక్టరమ్మ మాట విన్నది. "రెండు గుర్తున్నాయి. ఏప్రిల్లోనూ రెండే. ఏం మార్పు లేదు, రేపు ఆడొచ్చు." వినగానే అమ్మయ్య అనుకుంది. ఎంత తెలివితక్కువ మనిషి! ఏప్రిల్లో మయ్‌వెన్ నటించింది. నిన్న నటించలేదు.

తియెరి వాకిట్లో వ్యానులోకి హాకీ కర్రలు ఎక్కిస్తున్నాడు. ఆమె తుంపరలోనే వెళ్లి చెప్పింది. చెబుతుంటే తన గొంతే తనకి నచ్చలేదు. సన్నగా, వణుకుతూ, అతను ఎప్పుడూ వెక్కిరించే గొంతు అది.

"మొదలెట్టావా?" అన్నాడతను, తల తిప్పకుండా. "డాక్టర్ ఆడొచ్చంది. డాక్టర్ కంటే నీకెక్కువ తెలుసా?"

"ఆ పరీక్షే తప్పు కదా తియెరీ. నువ్వే కదా వాళ్లకి..."

"ష్! ఎవరైనా వింటే?" అప్పుడు తిరిగాడు. "ఒక్క మాట రెండుసార్లు అడిగితే మెదడు పోయినట్టేనా? ఫైనల్ ముందు నాకే ఏదీ గుర్తుండదు. గోరంతలు కొండంతలు చెయ్యకు. ముఖ్యంగా దానికి పిరికిమందు పోయకు."

పిరికిమందు. పెళ్లైనప్పటి నుంచీ ఆర్మెల్ ఈ ఇంట్లో ఆ మందు అమ్ముకునే మనిషి. సముద్రం పోటు మీద ఉంది, పిల్లని దింపకు అంటే భయం. తాగావు, బండి నేను నడుపుతాను అంటే భయం. "మా వాడికి ధైర్యమెక్కువ, నీకు భయమెక్కువ, సరిగ్గా సరిపోయారు" అని అత్తగారు ఓదెట్ నవ్వేది. నిజమే, సరిగ్గా సరిపోయారు. అతను ధైర్యంగా ఉండాలంటే ఇంట్లో ఎవరో ఒకరు భయపడాలి కదా. వంట, ఉతుకు, మందులూ మాకులూ చూసుకోవడం లాగే ఈ భయపడే డ్యూటీ కూడా ఆమెకే పడింది. దీనికీ జీతం లేదు. పైగా దీనికి వెక్కిరింపు కూడా. మయ్‌వెన్ పాలు తాగే వయసులో జ్వరంతో మెడ బిగుసుకుపోతే, "పళ్లొస్తున్నాయిలే" అని తల్లీకొడుకులిద్దరూ అంటున్నా వినకుండా ఆస్పత్రికి ఎత్తుకుపోయింది ఆర్మెల్. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు అక్కడ. ఆ కథ తియెరి ఇప్పటికీ స్నేహితులకి చెబుతాడు. "సమయానికి తీసుకెళ్లాం" అంటాడు. భయపడింది ఆమె, తీసుకెళ్లింది "మేం".

ఆ డ్యూటీలో ఇంకో సగం కూడా ఉంది. భయం కడుపులో దాచుకుని, వాళ్లు అడిగినప్పుడు "ఏం కాదులే" అనడం. మ్యాచ్ ముందు తియెరి అడుగుతాడు, ఉద్యోగం ఊగిసలాడినప్పుడు అడిగాడు, వాళ్ల నాన్న పోయే ముందు అడిగాడు. "ఏం కాదు కదా ఆర్మెల్?" "ఏం కాదులే." ఎన్నిసార్లు అనుంటుందో.

మధ్యాహ్నానికి హాలు కిక్కిరిసిపోయింది. వాకిట్లో గుడారం కింద ఓదెట్ గాలెట్లలో సాసేజీలు చుట్టి అమ్ముతోంది. కోడలిని చూసి, "మొహం అలా పెట్టుకు తిరక్కు, అమ్మాయిలు చూస్తే బెదిరిపోతారు. నవ్వమ్మా, నవ్వు!" అంది. ఆర్మెల్ నవ్వింది. నోరు తడారిపోయి పెదవులు పళ్లకి అంటుకున్నాయి. చెబితే? తియెరి కోచ్ పదవి పోతుంది. మయ్‌వెన్ జన్మలో తనతో మాట్లాడదు. సొంత ఊళ్లో ప్రపంచ ఫైనల్ మళ్లీ రమ్మంటే వస్తుందా? చెప్పి, చివరికి ఏమీ లేదని తేలితే ఇక బతికినన్నాళ్లూ ఇదే ముచ్చట, ప్రతి పండక్కీ, ప్రతి భోజనం బల్ల దగ్గరా. చెప్పకపోతే? అక్కడికి వచ్చేసరికి ఆమె ఆలోచన ఆగిపోతోంది. ఆ చప్పుడు మళ్లీ వినిపిస్తోంది.

నీళ్ల సీసాల బుట్ట మోసుకుని డ్రెస్సింగ్ గదుల వైపు నడిచింది. నడవా చివర బెంచీ మీద మయ్‌వెన్ ఒంటరిగా కూర్చుని ఉంది, ఒళ్లో బూటు పెట్టుకుని. లేసు రంధ్రంలోకి దూర్చడానికి చూస్తోంది. దూరడం లేదు. మళ్లీ చూస్తోంది.

"అమ్మా, కొంచెం కట్టవా?"

ఎనిమిదేళ్లప్పుడు, "నా బూట్లు నేనే కట్టుకుంటా, నువ్వు ముట్టుకోకు" అన్న పిల్ల. ఆర్మెల్ నేల మీద మోకాళ్లూని లేసు అందుకుంది. తలెత్తకుండా అడిగింది. "తలనొప్పిగా ఉందా?"

మయ్‌వెన్ వంగి, తల్లి చెవి దగ్గర మెల్లగా అంది. "నాన్నకి చెప్పకు."

"ఏమని?"

"నాకు భయంగా ఉందని. చెబితే నాకు నీ పోలికొచ్చిందంటాడు."

ఆర్మెల్ చేతులు ఆగిపోయాయి. అవమానాలు ఆమెకి కొత్త కాదు, తిని అరిగించుకున్నవే. కానీ ఇది అరగలేదు. తల పగిలిపోతున్నా నోరెత్తకపోవడం ఈ పిల్లకి ఎవరు నేర్పారు? తియెరి ఒక్కడేనా? అతను వెక్కిరించిన ప్రతిసారీ తలొంచుకుని గాలెట్లు తిరగేసిన తను కూడా కాదూ? భయం అంటే సిగ్గుపడాల్సిన విషయమని తనని చూసే నేర్చుకుంది.

కట్టిన లేసు విప్పేసింది. బూటు తీసి బుట్టలో సీసాల మీద పడేసింది.

"అమ్మా! ఏం చేస్తున్నావ్? అమ్మా, ప్లీజ్!"

గోడ పట్టుకుని నడిచింది. డాక్టరమ్మ జట్టు గదిలో ఒకమ్మాయి మణికట్టుకి పట్టీ చుడుతోంది. చుట్టూ అమ్మాయిలందరూ ఉన్నారు. మధ్యలో తియెరి ఏదో చెబుతున్నాడు. ఆర్మెల్‌ని చూసి, "సీసాలు అక్కడ పెట్టు" అన్నాడు.

"డాక్టర్ గారూ" అంది ఆర్మెల్. గొంతు సన్నగానే వచ్చింది, వణుకుతూనే వచ్చింది. "ఏప్రిల్లో మీరు పెట్టిన పరీక్ష అబద్ధం. మా అమ్మాయి కావాలనే తప్పులు చెప్పింది. నిన్న చెప్పినవి కావాలని చెప్పినవి కాదు. పొద్దున అడిగిందే అడిగింది. వెలుగు చూడలేకపోతోంది. లేసు కూడా కట్టుకోలేకపోతోంది."

తియెరి నవ్వాడు. "మా ఆవిడ సంగతి మీకు తెలీదు డాక్టర్. ఈవిడకి బల్లిని చూసినా భయమే. పట్టించుకోకండి."

"అవును, నాకు భయమే" అంది ఆర్మెల్. తప్పు చేశాను, తప్పు చేశాను అని లోపల ఒకటే కొట్టుకుంటోంది. అమ్మాయిలెవరూ ఆమె వైపు చూడటం లేదు.

అప్పుడు మూల నుంచి గోల్‌కీపర్ సిదొనీ లేచింది, కాళ్లకి కట్టుకున్న లావుపాటి ప్యాడ్లతో సహా. "నేనూ కావాలనే మూడే చెప్పాను డాక్టర్" అంది, నేల చూస్తూ. "నాకు అయిదూ గుర్తున్నాయి."

"నేనూ అంతే" అంది మణికట్టుకి పట్టీ చుట్టించుకుంటున్న అమ్మాయి.

డాక్టరమ్మ పట్టీ కింద పెట్టేసింది. ఎవరు చెప్పమన్నారని అడగలేదు. అమ్మాయిలందరూ చూస్తున్న తియెరి వైపే తనూ చూసింది. "మయ్‌వెన్ ఆడదు" అంది. "వెంటనే తలకి స్కానింగ్ తీయించాలి. హాలు దగ్గరున్న అంబులెన్సు మ్యాచ్ అయ్యేదాకా కదలకూడదు. ఇంకోదాన్ని పిలిచి ఎదురుచూసే కంటే కారులో వెళ్తే త్వరగా చేరతారు. ఆస్పత్రికి నేను ఫోన్ చేస్తాను. ఎవరు తీసుకెళ్తారు?"

"నేను" అంది ఆర్మెల్.

"నువ్వా? రింగురోడ్డు మీదా?" అన్నాడు తియెరి. అలవాటుగా వచ్చిన మాట. కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు.

కారులో మయ్‌వెన్ కళ్లు మూసుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "నిన్ను జన్మలో క్షమించను" అని మాత్రం అంది. తాళం పెట్టబోతే ఆర్మెల్ చెయ్యి ఆగడం లేదు. రెండో చేత్తో పట్టుకుని తిప్పింది. లోపల హాల్లో జనం చప్పట్లు కొడుతున్నారు. జట్ల పేర్లు చదువుతున్నట్టున్నారు.

"అమ్మా" అంది మయ్‌వెన్, కళ్లు తెరవకుండానే. "మార్గో అత్త వస్తుందా?"

"వస్తుందమ్మా" అంది ఆర్మెల్. "పిల్లల్ని కూడా తీసుకొస్తుంది."

అద్దం మీద ఎవరో తట్టారు. తియెరి. అద్దం పైసందులోంచి ఆ ప్రశ్న విన్నాడు. తుంపరలో తడిసిపోయి, చేతిలో ఒక్క నీళ్ల సీసా పట్టుకుని, అది ఎందుకు పట్టుకున్నాడో తనకే తెలియనట్టు నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు. అద్దం దించింది.

"ఏం కాదు కదా?" అన్నాడు. "ఆర్మెల్, దానికేం కాదు కదా?"

జవాబు ఆమె నాలుక మీదే ఉంది. ఎప్పటిదో, అరిగిపోయినది, రెండే రెండు మాటలు. అతని మొహం చూస్తే జాలేసింది కూడా. అనేస్తే అతను లోపలికి వెళ్లిపోతాడు, మ్యాచ్ చూసుకుంటాడు, ఆ బరువు మళ్లీ తన కడుపులోకి వచ్చి కూర్చుంటుంది.

"తెలీదు తియెరీ" అంది.

అద్దం ఎత్తేసి, కారు కదిలించింది. గేటు దాటుతూ వెనక్కి చూసే అద్దంలోకి ఒక్కసారి చూసింది. అతను హాల్లోకి వెళ్లలేదు. వర్షంలో అక్కడే నిలబడి భయపడుతున్నాడు.